ఐర్లండు దేశమున పూర్వికుల జాడ తెలిసికొను విధము



తద్దినములు పెట్టు అలవాటు గల ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాత అను ముగ్గురి పేర్లు నోటికి వచ్చియుండును. నాలుగవ తరము పేరడిగినచో పెద్దలుగూడ ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. మా తండ్రిగారు కరణీకము చేసినవారు. ఊరిలో ఏ చేను ఎవరి తాత ఎవరియొద్ద కొన్నదో దస్త్రము విప్పకయే చెప్పెడివారు. అట్టివారును తమ ముత్తాతకు తండ్రి పేరు చెప్పలేకపోయిరి. ఆ సంగతి చిన్ననాటినుండి నా మనస్సున మెదలుచునే యున్నది. పరదేశములో ఇతరులు తమ పూర్వికులను వెదకుచుండగా నేను వారి ప్రక్కన కూర్చుండుటకు అదియే కారణ మనుకొందును.

నేను చెప్పబోవునది ఐర్లండు దేశపు సంగతి. అది ఇంగ్లండునకు పడమట సముద్రమధ్యమున నున్న ద్వీపము. మదనపల్లె కళాశాలలో ప్రధానాచార్యులుగా నుండిన జేమ్స్ కజిన్స్ గారును, వారి భార్య మార్గరెట్ గారును ఆ దేశమువారే. మా అమ్మాయి ఆ ద్వీపపు పడమటి తీరమున, క్లేర్ జిల్లాలోని ఎన్నిస్ పట్టణమున, వైద్యశాలలో పని చేయుచున్నది. ఆమె యింట రెండు వేసవులు గడపితిని. అల్లుడును కూతురును పనికి పోయిన తరువాత ముసలివానికి తోచుబాటు ఏమున్నది? పట్టణ గ్రంథాలయమునకు పోవుట నేర్చుకొంటిని. అచ్చట స్థానిక చరిత్రకు వేఱుగా ఒక విభాగము కలదు. ప్రతిదినమును కొందఱు బల్లలపై వంగి పాత పట్టీలు చదువుచుందురు. వారిలో ఆ దేశమువారు తక్కువ. తక్కినవారు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలనుండి వచ్చినవారు. అందఱును అడుగునది ఒక్కటే ప్రశ్న. మావారు ఏ యూరివారు?

ఇంతమంది పరదేశములనుండి వచ్చి ఇట్లు వెదకుటకు ఒక కఱవు మూలము. 1841లో ఆ ద్వీపమున 81 లక్షలకు మించిన జనులుండిరి. బీదలకు బంగాళాదుంపయే కూడు. 1845లో ఆ పైరునకు తెగులు తగిలెను. మరుసటి ఏడు పంట దాదాపుగా పూర్తిగా పోయెను. 1851 నాటికి జనసంఖ్య 65 లక్షల ప్రాంతమునకు దిగిపోయెను. ఇంచుమించు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను చనిపోయిరి. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కి దేశము విడిచిరి. మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొను 1876, 1878 సంవత్సరముల నడిమి కష్టము మన పల్లెలను ఎట్లు చెల్లాచెదరు చేసెనో మీరు వినియుందురు గావున, దీనిని నేను వర్ణింప నక్కఱలేదు.

నేను మొదటి వేసవిలో ఎఱిగినవారిలో ఆస్ట్రేలియానుండి వచ్చిన ఒక వృద్ధురాలు కలరు. డెబ్బది ఏండ్లు దాటినవారు, ఒంటరిగా వచ్చినవారు. నేను ప్రతిదినమును ఊరక కూర్చుండుట చూచి, “అయ్యా, మీరు ఎవరిని వెదకుచున్నారు?” అని వారే పలుకరించిరి. ఎవరిని వెదకుటలేదనియు, కరణము కొడుకును గావున పాత లెక్కలు చూచిన కన్నులకు పండుగగా నుండుననియు చెప్పితిని. వారు నవ్వి, తమ చేతి కాగితమును నాయెదుట పెట్టిరి.

అది సిడ్నీ రేవునకు 1850లో చేరిన ఓడలోని ప్రయాణికుల పట్టీకి నకలు. కఱవు కాలమున ఐర్లండు అంతటను వర్కుహౌసులని బీదల పనిశాలలుండెను. అచ్చట తల్లిదండ్రులు లేని ఆడపిల్లలు వేలకొలది చేరిరి. ఆస్ట్రేలియాలో ఇంటిపనులకును వివాహమునకును స్త్రీలు కొఱతగా నుండుటచే, అప్పటి మంత్రి గ్రే ప్రభువు ఏర్పాటున 1848, 1850 సంవత్సరముల నడుమ నాలుగువేలకు పైగా పిల్లలను అచ్చటికి పంపిరి. రేవులో అధికారులు ఒక్కొక్క పిల్లను నిలువబెట్టి పేరు, వయస్సు, పుట్టినచోటు, తల్లిదండ్రుల పేర్లు, మతము, చదువు వ్రాసికొనిరి. ఈ వృద్ధురాలి ముత్తవ్వకు తల్లి అట్టివారిలో నొకతె. వయస్సు 16. పుట్టినచోటు కిల్‌రష్. తల్లిదండ్రుల పేర్ల చెంత “ఇరువురును మృతులు” అని యున్నది. చదువ వచ్చును, వ్రాయ రాదు.

“ఆమె ఎవరినైనను విడిచి వచ్చినదా, లేక ఎవరును లేక వచ్చినదా, అదియే తెలిసికొనవలెను” అని వృద్ధురాలు చెప్పిరి. వారి యింటిలో ఆ పిల్ల తన చిన్నతనమును గుఱించి ఎవరికిని ఒక్క మాటయైనను చెప్పలేదట.

ఇట్టివారికి మొట్టమొదట ఎదురగు విఘ్నమును చెప్పవలెను. 1922వ సంవత్సరమున ఐర్లండులో అంతర్యుద్ధము నడచెను. డబ్లిన్ నగరమున ఫోర్ కోర్ట్స్ అను న్యాయస్థాన భవనములందు ఒక పక్షమువారు ప్రవేశించి మందుగుండు నిలువచేసికొనిరి. రెండవ పక్షమువారు ఫిరంగులు కాల్చిరి. జూన్ 30వ తేదీన గొప్ప ప్రేలుడు జరిగి భవనము తగులబడెను. ఆ ప్రాంగణముననే దేశపు రికార్డుల భాండాగారము. నూర్ల ఏండ్ల దస్త్రములు ఒక్క పూటలో పోయెను. కాలిన కాగితపు ముక్కలు గాలికి తేలిపోయి నగరవీధులందు రాలెనట.

1821 మొదలు 1851 వఱకు పదేండ్లకొకమాఱు తీసిన జనాభా లెక్కలు, ఏవో కొద్ది భాగములు తప్ప, ఆ మంటలోనే పోయెను. తరువాతి లెక్కలైన నిలిచెనా యనగా, 1861, 1871 లెక్కలను తీసిన కొలది కాలమునకే ప్రభుత్వమువారే నాశనము చేయించిరి. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచయుద్ధ దినములలో కాగితపు గుజ్జు చేసిరి. కరణము కొడుకును గావున ఈ పనిని గుఱించి నే నేమియు అనను. పూర్తిగా నిలిచిన పాత లెక్కలు 1901, 1911 సంవత్సరములవి మాత్రమే.

భాండాగారములో నేయే దస్త్రము లుండెనో తెలుపు పట్టిక నొకదానిని హెర్బర్ట్ వుడ్ అను అధికారి 1919లో అచ్చు వేయించెను. మూడేండ్లలో అది పోయినవాని పట్టిక యగునని ఆయన యెఱుగడు. ఆ పట్టికనే ఆధారము చేసికొని డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలవారి నాయకత్వమున పండితులు ఇతర గ్రంథాలయములలో మిగిలిన నకళ్లను వెదకి, నూఱేండ్లు నిండిన 2022లో ఇంటర్నెట్టుపై ఒక భాండాగారము తెఱచిరి. మంచి పనియే. అయినను చిన్నరైతు పేరును ఏ దేశమువాడు నకలు తీసి దాచును? అట్టివాని పేరు వెదకవలసినది పల్లెలలో మిగిలిన చిన్న పుస్తకములందే. రాజధానికి పంపబడనివి, ఎవరును గొప్పవిగా తలపనివి, అవియే నేటికి అక్కఱకు వచ్చుచున్నవి.

వానిని చూచుటకు ముందు ఒకటి తెలియవలెను. జిల్లా పేరు తెలిసిన చాలదు, పట్టణము పేరు తెలిసినను చాలదు. ఐర్లండులో భూమి యంతయు టౌన్‌ల్యాండులను చిన్న విభాగములుగా నున్నది. మన గ్రామములలో శివారు పల్లెలును, కండ్రిగలును ఎట్లో అట్లే. కొన్నిట పది ఇండ్లుండును, కొన్నిట ఒక్కటియు నుండదు. ఇట్టివి దేశమంతటను అఱువది వేలకు మించి యున్నవి. పన్ను గాని, కౌలు గాని, జననము గాని వ్రాయునపుడు ఈ టౌన్‌ల్యాండు పేరే వ్రాయుదురు. ఒకే పేరు పది జిల్లాలలో నుండవచ్చును గావున, అది ఏ విచారణలోనిదో కూడ తెలియవలెను. విచారణ యనగా ఒక గుడి క్రింది పల్లెల సముదాయము. మన క్యాథలిక్ క్రైస్తవులు వాడు మాటయే.

ఈ పేర్లు చాలవఱకు ఐరిష్ భాషవి. 1824లో సర్వేవారు దేశమంతటిని మైలునకు ఆఱంగుళముల పటముగా గీయ నారంభించిరి. ఆంగ్లములో వానిని ఎట్లు వ్రాయవలెనను చిక్కు వచ్చెను. జాన్ ఓడోనవన్ అను పండితుని నియమించిరి. ఆయన జిల్లా జిల్లాయు తిరిగి, ఊరి ముసలివారిని అడిగి, ప్రతిపేరు యొక్క అర్థమును తెలిసికొని వ్రాసెను. క్లేర్ జిల్లాకు 1839లో ఆయన వచ్చినపుడు తోడుండినది యూజిన్ ఓకర్రీ అను మఱియొక పండితుడు. ఆయన ఆ జిల్లా రైతుబిడ్డయే. “బాలీ” అని మొదలైనచో ఊరనియు, “నాక్” అన్నచో గుట్ట యనియు, “కిల్” అన్నచో తఱచుగా గుడి యనియు అర్థము.

మా వృద్ధురాలి కాగితములో కిల్‌రష్ అని మాత్రమే యున్నది. అది రేవుపట్టణము పేరు. అచ్చటి వర్కుహౌసు క్రింది ప్రాంతమునకును అదియే పేరు. అనగా ఆ పిల్ల చుట్టుప్రక్కల ఏ పల్లెదైనను కావచ్చును. గుడి రిజిస్టరు చూడవలసి వచ్చెను.

ఇందొక విచిత్రము కలదు. ఏలినవారి మతమునకు చెందిన ప్రొటెస్టంటు గుళ్ల రిజిస్టర్లు పెక్కింటిని భద్రముగా నుండునని డబ్లిన్ భాండాగారమునకు పంపిరి, అవి కాలిపోయెను. బీదలైన క్యాథలిక్కుల రిజిస్టర్లను ఎవరును అడుగలేదు. అవి పాదిరుల యిండ్లలో, తడిసిన అలమరలలో, ఎలుకల నడుమ మిగిలెను. తరువాతి కాలమున డబ్లిన్‌లోని జాతీయ గ్రంథాలయమువారు వేయికి పైగా విచారణల రిజిస్టర్లకు ఛాయాచిత్రములు తీసి, 2015లో అందఱును రుసుము లేకుండ చూచునట్లు ఇంటర్నెట్టుపై పెట్టిరి. వానిలో జ్ఞానస్నానము దినము, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు ఉండును. పేర్లు తఱచుగా లాటిను రూపమున నుండును. తల్లికి పుట్టినింటి పేరే వ్రాయుదురు. ఇది వెదకువారికి గొప్ప మేలు.

అయినను చిక్కులు లేకపోలేదు. అక్షరము వంకర. సిరా వెలిసినది. పేర్లలో మార్పు లేదు. అచ్చటి వాడుక మన వాడుకకు దగ్గఱగా నుండును. పెద్దకొడుకునకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు. పెద్దకూతురునకు తల్లి తల్లి పేరు, రెండవదానికి తండ్రి తల్లి పేరు. మనలో తాత పేరు పెట్టుకొన్న మనుమలు ఒకే యింట ముగ్గురు నలుగురుండుట మీరు చూచినదే గదా. అచ్చట ఒకే పల్లెలో ఒకే యింటిపేరుతో అయిదుగురు జానులును అయిదుగురు మేరీలును ఉందురు. ఇంటిపేరు ముందటి “ఓ” మనుమడనియు, “మాక్” కొడుకనియు తెలుపును. ఒక తరమువారు వానిని విడిచివేయుదురు, తరువాతివారు మరల చేర్చుకొందురు. అందుచే పిల్ల పేరొక్కటి చూచి ఇదియే యని నిర్ణయింపరాదు. తల్లి పుట్టినింటి పేరు కలిసినచోనే నమ్మవలెను.

వృద్ధురాలును నేనును మూడు విచారణల రిజిస్టర్లు వరుసగా చదివితిమి. తొమ్మిది దినములు పట్టెను. పదవనాడు 1834 వేసవిలో పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, మూడును కలిసిన వరుస కనబడెను. ప్రక్కన టౌన్‌ల్యాండు పేరున్నది. జ్ఞానతండ్రి యింటిపేరు తల్లి పుట్టినింటి పేరే. ఆమె యన్నయో తమ్ముడో కావలెనని నేనంటిని. వృద్ధురాలు బల్లపై చేయి వేసి కొంతసేపు మాటాడలేదు.

టౌన్‌ల్యాండు దొరికిన తరువాత భూమి లెక్కలు మాటాడును. ఇచ్చట నాకు ప్రాణము లేచివచ్చెను. 1823 మొదలు 1830ల చివర వఱకు వ్రాసిన దశమభాగపు పన్ను పుస్తకములున్నవి. క్యాథలిక్ రైతుగూడ తనది కాని ప్రొటెస్టంటు గుడికి పంటపై పన్ను కట్టవలెను. ఆ పన్నునకై ప్రతి కౌలుదారు పేరు, భూమి, కట్టవలసిన పైకము వ్రాసిరి. దీనిపై రైతులు తిరుగబడి రక్తపాతము గూడ జరిగినది. ఏ పుస్తకము చూచి ఆ రైతు పండ్లు కొఱుకుకొనెనో, దానిలోనే నేడు ఆయన సంతతివారికి ఆయన పేరు దొరకుచున్నది. మా వృద్ధురాలి పూర్వికుని పేరు ఆ టౌన్‌ల్యాండులో కనబడెను. నాలుగెకరములకు కొంచెము తక్కువ. భూమి నాణ్యతలో కడపటి తరగతి.

దాని తరువాత రిచర్డ్ గ్రిఫిత్ అను అధికారి చేయించిన వెలకట్టుబడి కలదు. 1847 మొదలు 1864 వఱకు దేశమందలి ప్రతి ఇంటికిని ప్రతి చేనికిని విలువ కట్టి, అనుభవించువాని పేరు, వానికి కౌలుకిచ్చినవాని పేరు, విస్తీర్ణము అచ్చు వేసిరి. ప్రతి కమతమునకును పటములో సంఖ్య కలదు. మన అడంగలు చూచినవారికి ఇది క్రొత్తగా తోచదు. క్లేర్ జిల్లా సంపుటములు 1855లో వెలువడెను. వానిలో ఆ టౌన్‌ల్యాండు తీసి చూచితిమి. తండ్రి పేరు లేదు. ఆ యింటిపేరువా రొక్కరును లేరు. పన్ను పుస్తకమున పదునాలుగు పేర్లుండిన చోట ముగ్గురు మిగిలిరి. భూమి యంతయు ఒక్క పశువుల మేతబీడుగా నొకనికి కౌలుకిచ్చిరి.

కారణము గూడ అచ్చటి దస్త్రములే చెప్పును. 1847లో ఒక చట్టము చేసిరి. పావు ఎకరమునకు మించి భూమి గలవానికి ప్రభుత్వ సహాయము లేదు. అనగా పిల్లలకు గంజి కావలెనన్నచో కౌలు వదలుకొనవలెను. వదలిన మరునాడు ఇల్లు కూల్చుటకు మనుష్యులు వత్తురు. కిల్‌రష్ ప్రాంతమున నిట్లు వేలకొలది జనులు నిలువ నీడలేనివారైరి. ఆ ప్రాంతమున బీదల సహాయమును తనిఖీ చేసిన కెప్టెన్ ఆర్థర్ కెన్నెడీ కూల్చిన ఇండ్ల లెక్కలను విడువక పైవారికి పంపెను. 1849లో బ్రిటిషు పార్లమెంటువారు వానిని అచ్చు వేయించిరి. ప్రభుత్వపు కొలువులో నుండియు నిజము వ్రాసిన ఆ యధికారి మీద నాకు గౌరవము కలిగినది.

వృద్ధురాలు ఆ పుట మూసివేసి, “ఇంతటితో ముగిసినది గదా” అనిరి. నేను మాత్రము జ్ఞానతండ్రి యింటిపేరును మఱువలేదు. మన పల్లెలో తండ్రి చనిపోయిన పిల్లలు ఎచ్చటికి పోవుదురు? మేనమామ యింటికి. ప్రక్క టౌన్‌ల్యాండుల పుటలు త్రిప్పితిని. రెండు మైళ్ల దూరమున మేనమామ పేరు గల కౌలుదారు పదునొకం డెకరములతో 1855లో నిలిచి యున్నాడు.

గ్రిఫిత్ పుస్తకము అచ్చైన తరువాత కౌలుదారు మాఱినపుడెల్ల అధికారులు పాత పేరు కొట్టి, వేఱు రంగు సిరాతో క్రొత్త పేరు వ్రాసెడివారు. ఆ దిద్దుబాటు పుస్తకములు డబ్లిన్‌లో నున్నవి. వృద్ధురాలు పోయి వానిని చూచి వచ్చిరి. మేనమామ పేరు కొట్టి, దానిపై ఎఱ్ఱసిరాతో వ్రాసిన పేరునకు మన పిల్ల తండ్రి యింటిపేరే యుండెను.

వెంటనే 1901 జనాభా లెక్క తీసితిమి. ఆ టౌన్‌ల్యాండులో ఆ యింటిపేరుగల రైతు, వయస్సు 58. 1911 లెక్కలో అదే మనుష్యునకు 74. పదేండ్లలో పదాఱేండ్లు పెరిగెను! మీరు నవ్వుదురు గాని దీనికి మంచి కారణ మున్నది. 1909 జనవరినుండి 70 ఏండ్లు నిండినవారికి వారమునకు అయిదు షిల్లింగుల వఱకు పింఛను ఇయ్య నారంభించిరి. ఐర్లండులో అందఱి జననములును ప్రభుత్వము వ్రాయుట 1864లో మొదలు. అంతకు పూర్వము పుట్టిన ముసలివాడు తన వయస్సునకు ఏమి రుజువు చూపును? 1839 జనవరి 6వ తేదీ రాత్రి ఐర్లండులో గొప్ప గాలివాన కొట్టెను. అది తనకు జ్ఞాపకమున్నదని చాలమంది ప్రమాణము చేసిరి. మన తీరమున 1864 నాటి బందరు ఉప్పెననుబట్టి వయస్సులు చెప్పుకొన్నవారు మన ముత్తాతలలోను ఉండిరి.

అధికారులు అంతటితో తృప్తినొందలేదు. 1841, 1851 జనాభా లెక్కలు అప్పటికింకను భాండాగారములో భద్రముగా నున్నవి. ముసలివాడు తన తల్లిదండ్రుల పేర్లును, చిన్నతనమున ఏ టౌన్‌ల్యాండులో నుండెనో దానిని దరఖాస్తులో వ్రాయవలెను. గుమాస్తా పోయి పాత లెక్క వెదకి, ఆ యింటివారి వివరము కనబడినచో కాగితముమీద ఎక్కించును. 1922లో లెక్కలు కాలిపోయెను గాని ఈ వెదకులాట కాగితములు ఆ మంటలో పడలేదు. ఇప్పుడు డబ్లిన్ జాతీయ భాండాగారమున నున్నవి. అయిదు షిల్లింగులకై ఎవరో ముసలివాడు పెట్టుకొన్న దరఖాస్తు మూలమున, కాలిన పుస్తకములోని ఒక పుట మిగిలినది.

ఆ రైతు దరఖాస్తు దొరకెను. 1841 లెక్కనుండి గుమాస్తా ఎక్కించినది ఇది: తండ్రి, తల్లి, వారి వివాహము 1829లో, పెద్దకూతురు 10 ఏండ్లు, రెండవకూతురు 7 ఏండ్లు, కొడుకు 3 ఏండ్లు. రెండవకూతురి పేరు సిడ్నీ పట్టీలోని పేరే.

వృద్ధురాలు సంతోషింతురని తలచితిని. వారికి కోపము వచ్చెను. “మేనమామ కొడుకును ఉంచుకొని, ఆడపిల్లలను పనిశాలకు పంపివేసెనా?” అని నన్నే అడిగినట్లు అడిగిరి. నే నేమి చెప్పుదును? పదునొకం డెకరములు, అందులో సగము బురద నేల. కఱవులో ఎవరి గింజలు ఎంతమందికి వచ్చునో లెక్క వేయవలసినవాడు ఆ మేనమామ. కాని ఏ పిల్లను గడప దాటించిరో లెక్కించునపుడు ఆడపిల్లలే ముందు లెక్కకు వత్తురని మనకు తెలియనిది కాదు. “తెలియదమ్మా, దస్త్రము అంతవఱకు చెప్పదు” అంటిని.

మరుసటి ఆదివారము మా అల్లుడు కారులో మమ్ము ఆ టౌన్‌ల్యాండునకు తీసికొనిపోయెను. సముద్రమునుండి ఎడతెగక గాలి వీచుచుండును. చెట్లన్నియు తూర్పునకు వంగియుండును. ఆ రైతునకు మునిమనుమడు ఇప్పటికిని ఆ భూమిలోనే పాడి చేసికొనుచున్నాడు. మా వృద్ధురాలి యీడువాడే. మమ్ము వంటయింటిలో కూర్చుండబెట్టి తేనీరు పోసి, తాను నిలుచుండియే దరఖాస్తు నకలును రెండుమాఱులు చదివెను. తన ముత్తాతకు తోబుట్టువులు గలరని ఆ యింట ఎవరును ఎన్నడును అనలేదట.

పిదప అతడు 1901 లెక్క నకలును అడిగి తీసికొనెను. దానిలో ఆ రైతు కూతుండ్ర పేర్లు వరుసగా నున్నవి. మొదటిదానికి భార్య తల్లి పేరు. రెండవదానికి తన తల్లి పేరు. వాడుక అంతటితో తీరినది. మూడవదానికి సిడ్నీకి పోయిన పిల్ల పేరు. నాలుగవదానికి పెద్దకూతురి పేరు. వృద్ధురాలు ఆ రెండు పేర్లపై వ్రేలుంచి అట్లే చూచుచుండిరి. ఆ పేర్లు ఆ ప్రాంతమున ప్రతి యింటను ఉండునవే గావున దీనిని రుజువని నే ననజాలను. అనవలసిన పనియు నాకు లేదనిపించెను.

పెద్దకూతురు ఏమయ్యెనో ఇంతవఱకు తెలియదు. ఓడల పట్టీలలో లేదు. కఱవు దినములలో చనిపోయినవారి పేర్లు వ్రాయు పుస్తకము ప్రభుత్వమునకు లేదు; క్యాథలిక్ గుళ్లలో ఖననములు వ్రాయుట అరుదు. రైతు లోపలికి పోయి తమ ప్రార్థన పుస్తకమును తెచ్చెను. దాని వెనుకటి అట్టమీద వారి యింటి జననమరణములు వ్రాసికొనియున్నారు. అన్నిటికి పైన చోటు చాలక, ఒక తెల్లకాగితము కత్తిరించి అతికించి, ముగ్గురు పిల్లల పేర్లును వయఃక్రమమున వ్రాసెను. కొడుకు ఎదుట ఆ టౌన్‌ల్యాండు పేరు, రెండవదాని యెదుట ఆస్ట్రేలియా అని వ్రాసి, పెద్దదాని యెదుట “1841లో 10 ఏండ్లు” అని మాత్రము వ్రాసి, మిగిలిన చోటును ఖాళీగా విడిచెను.